జంకు గది

డాక్టర్ మార్తాండరావు తనను నిలువునా ముంచాడని చెన్నకేశవులు చెప్పుకోని చోటు లేదు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, మిర్చి యార్డులో చెప్పాడు, పెళ్లి భోజనాల బంతిలో పప్పు వడ్డించేవాణ్ణి ఆపి మరీ చెప్పాడు. విన్నవాళ్లందరిదీ ఒకటే మాట.

"దేవుడిలాంటి మనిషిని పట్టుకుని అట్టా అంటావేందయ్యా? రెండేళ్ల నుంచి ఆయన ఆస్పత్రిలో పొరపాటున పోయినోడు ఒక్కడున్నాడా చెప్పు!"

లేడు. కేశవులు కడుపుమంట కూడా అదే. ఆ రెండేళ్లూ పొరపాటు గడప దాటకుండా కుక్కలా కాపలా కాసింది తను. దండలు పడ్డది ఆయన మెడలో. తన మెడలో పడ్డది బియ్యపు గింజంత లోహపు ముక్క.

నరసరావుపేట బైపాసు పడకముందు ఆ ఆస్పత్రి ఉన్న చోటంతా మిరపచేను. ఆరో తరగతిలో బడి మానేసిన కేశవులు ఆ చేలోనే ఎండకు నల్లబడి, ఘాటుకు తుమ్ముతూ పెద్దవాడయ్యాడు. రోడ్డు పడ్డాక మార్తాండరావు కారు దిగి వచ్చి, చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని అడిగాడు. "సగం ధరకివ్వు కేశవులూ. మిగతా సగానికి నువ్వు బతికున్నంత కాలం ఉద్యోగం ఇస్తా. బోరున్న మూల ఇరవై రెండు సెంట్లు నీకే వదిలేస్తా, ఇల్లు కట్టుకో."

చెప్పులు విడిచిన మనిషిని నమ్మాడు కేశవులు. రిజిస్ట్రీ నాడు చేను మొత్తం రాయించుకున్నారు, మూల ముక్క తర్వాత విడగొడదాంలే అన్నారు. ఆ మూలన జనరేటరు షెడ్డు లేచింది. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. ఆపరేషన్ థియేటర్లో బాయ్. నలభై రెండేళ్ల బాయ్.

మార్తాండరావు చెడ్డ డాక్టరు కాదు. తిట్టీ తిట్టీ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు ఆ మాట కేశవులు కూడా ఒప్పుకుంటాడు. ఆస్పత్రి తెరిచిన కొత్తలో ఒక బాలింత బల్ల మీదే పోయింది. ఇవ్వకూడని మందు ఎక్కించారు. తర్వాత ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి అడిగితే, ఆ సీసా చూసి గుండె జల్లుమందని ముగ్గురు చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ నోరు తెరవలేదు. పెద్ద డాక్టరు చేస్తుంటే మనమేం చెబుతాంలే అనుకున్నారట.

ఆ రోజు మార్తాండరావు మెట్ల మీద కూలబడ్డాడు. "ఎవరూ చూడక కాదు సిస్టర్ ఆవిడ పోయింది. చూసినవాళ్లు గుటకేసి మింగారు, అందుకు పోయింది."

"అయితే మింగకుండా నేర్పుదాం సార్," అంది సలోమి సిస్టరు. ఆమె థియేటర్లకు పెద్ద నర్సు. గుంటూరు మిషను ఆస్పత్రిలో పని నేర్చిన మనిషి, గొంతు చర్చిలో గంటలా ఉంటుంది. మర్నాటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టింది. కత్తి పెట్టకముందు బల్ల చుట్టూ ఉన్న ప్రతివాళ్లూ, పెద్ద డాక్టరు మొదలు స్ట్రెచరు తోసేవాడి దాకా, తన పేరు, తన పని, బల్ల మీదున్న మనిషి పేరు, చేయబోయేది ఏ అవయవానికి ఏ పక్కన, పైకి చెప్పాలి. మొదట్లో కేశవులుకు సిగ్గేసేది. "నా పేరు చెన్నకేశవులు అండి, ట్రాలీ తోస్తానండి," అని నేల చూపులు చూస్తూ గొణిగేవాడు. మత్తు డాక్టరు రఫీ నవ్వేవాడు. "గట్టిగా చెప్పు కేశవులూ, పేషెంటు ఎట్టాగూ నిద్రపోయాడు, లేవడులే!" ఒకసారి పేరు పైకి చెప్పిన నోరు మూసుకుపోదని సలోమి సిస్టరు నమ్మకం.

మార్తాండరావుకు అది చాలలేదు. నోటి మీద ఆయనకు నమ్మకం లేదు. ఒళ్లే మాట్లాడాలి అన్నాడు. మూడేళ్లు తలుపులేసుకుని కూర్చుని జంకు గింజ తయారు చేశాడు. తప్పు కంటబడగానే మనిషికి మెడ వెనక కొంకు పుడుతుంది, జంకానని అతనికే తెలియకముందు. చర్మం కింద పెట్టిన గింజ ఆ కొంకును పట్టి గదిలో అందరి మణికట్లకూ పంపుతుంది. మణికట్టు పట్టీ చటుక్కున బిగుస్తుంది. ఎవరు జంకారో మాత్రం చెప్పదు. అది సలోమి సిస్టరు పట్టుబట్టి పెట్టించిన షరతు. "ఎవరిదో తెలిసిందంటే రేపటి నుంచి ఎవరూ జంకరు సార్. జంకినోళ్లను మీరు బతకనిచ్చినా పక్కనోళ్లు బతకనివ్వరు."

మొదటి నెలలోనే గింజ గెలిచింది. ఒక ముసలాయనకు పొట్ట కుట్టేస్తుంటే అందరి పట్టీలూ బిగిశాయి. మార్తాండరావు సూది పైకెత్తి పట్టుకుని, "ఎవరిదైనా సరే, ఆగుదాం," అన్నాడు. వెతికారు. రక్తం పీల్చుకుని ముద్దయిన గాజుగుడ్డ ఒకటి లోపల దొరికింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. తన మెడ మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్న సంగతి కేశవులుకు తెలుసు. ఏం చూసి జంకాడో మాత్రం తెలియదు. గుడ్డలు లెక్కపెట్టడం అతని పని కాదు, వచ్చీ రాదు. ఏదో తేడాగా ఉంది, అంతే.

ఆ తర్వాత మొదలైంది ఖర్మ.

ఏడాది తిరిగేసరికి పట్టీలు బిగియడం తగ్గింది. పొరపాట్లు తగ్గాయనుకున్నారు. కాదు, జంకే తగ్గింది. పక్కవాడు జంకుతాడులే అని ప్రతివాళ్ల ఒళ్లూ నిమ్మళపడింది. మార్తాండరావు ఒక్కొక్కర్నీ పరీక్షకు కూర్చోబెట్టి, తప్పులున్న వీడియోలు చూపించాడు. సలోమి సిస్టరు గింజ కూడా సగం నిద్రలో ఉంది. ఒక్క కేశవులు గింజ మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఎగిరెగిరి పడుతోంది.

"ఎందుకో తెలుసా కేశవులూ? నువ్వు ఎవర్నీ నమ్మవు," అన్నాడు మార్తాండరావు మెరిసే కళ్లతో. "అది నీకు జబ్బు. మాకు మందు."

ఆ జబ్బు తెప్పించిందెవరో అడుగుదామనుకున్నాడు కేశవులు. అడిగితే ఏమవుతుంది? ఆయన దాన్ని కూడా కాగితం మీద రాసుకుంటాడు.

నాలుగు థియేటర్ల మధ్య, కిటికీ లేని చోట, ఒక గాజు గది కట్టారు. లోపల వాలుకుర్చీ, ఎదురుగా నాలుగు తెరలు. ఏ తెర వంక చూస్తూ కేశవులు జంకితే ఆ థియేటర్లో పట్టీలు బిగుస్తాయి. ఏ థియేటర్లో ఎవరు జంకినా అతని పట్టీ కూడా బిగుస్తుంది. ఆస్పత్రిలో అందరూ దానికి జంకు గది అని పేరు పెట్టారు. ఇక సలోమి సిస్టరు పేర్ల పద్ధతి దండగన్నారు, ఆ కాసేపట్లో ఇంకో కేసు మొదలెట్టొచ్చన్నారు. ఆమె పోట్లాడింది. "నలుగురి కళ్లు మూయించి ఒకడి కళ్లు తెరిపిస్తే దాన్ని జట్టు అనరు సార్," అంది. మార్తాండరావు నొచ్చుకోకుండా విన్నాడు, విని పద్ధతి ఎత్తేశాడు.

పొద్దున లోపలికి వెళితే సాయంత్రం దాకా కోతలే కోతలు. ఈ తెరలో పొట్ట, ఆ తెరలో మోకాలు, ఇంకో తెరలో నెత్తుటి గుడ్డు లాంటి బిడ్డ. ఏది తప్పో ఏది ఒప్పో కేశవులుకు తెలియదు. తెలియక్కర్లేదు. భయపడితే చాలు. రోజంతా భయపడటమే అతని ఉద్యోగం.

మానేస్తానన్నాడు. గింజ నరానికి అంటుకుని ఉందనీ, తనే తప్ప ఇంకెవరు తీసినా మెడ పడిపోతుందనీ మార్తాండరావు చెప్పాడు. "తీయను అనడం లేదు. నువ్వు లేని పూట బల్ల మీద ఎవరన్నా పోతే? చెప్పు, నిద్ర పడుతుందా నీకు?" పెదనాన్న పోయినప్పుడు ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు థియేటర్లూ మూసేశారు. తిండి లేకుండా పొద్దుటి నుంచి పడిగాపులు పడ్డ పేషెంట్లు, మర్నాడు తనను వేలెత్తి చూపించుకున్నారు. ఆ రోజే మార్తాండరావు భుజం మీద చెయ్యేసి మాట ఇచ్చాడు. "నీలాగా జంకు చావని మనిషి ఇంకొకరు దొరకనీ. ఆ రోజే గింజ తీసి పంపిస్తా. షెడ్డు పీకించి ఆ ఇరవై రెండు సెంట్లూ నీ పేర రిజిస్ట్రీ చేయిస్తా. మా అమ్మ మీద ఒట్టు."

ఈసారి చెప్పులు విడవలేదు. అందుకని కేశవులుకు కొంచెం నమ్మకం కలిగింది.

అప్పటి నుంచి అతని బతుకంతా ఆ ఒక్క మాటకు వేలాడుతోంది. బోరు మూల. రెండు గదుల ఇల్లు. వెనకాల నాలుగు వరసలు మిరప. ఏ తెరా లేని గోడ.

ఇంట్లో గింజ ఎవరికీ ఏమీ పంపదు. అయినా ఒంటికి అలవాటైపోయింది. కుక్కరు కూత పెడితే ఉలిక్కిపడతాడు. పాలు పొంగితే ఉలిక్కిపడతాడు. భార్య సౌభాగ్యం గట్టిగా నవ్వితే మంచం మీంచి లేచి కూర్చుంటాడు. ఆమె కుక్కరు మానేసి గిన్నెలో వండటం మొదలుపెట్టింది. స్టీలు గ్లాసుల కింద గుడ్డ పరిచింది. గాజులు మోగకుండా పైకెక్కించుకుంది. నవ్వాలనిపిస్తే పక్కింటికి వెళ్లి నవ్వి వచ్చేది.

"నేను కాపురం చేస్తున్నా మొగుడితోనా, గాజు బొమ్మతోనా?" అనేది అప్పుడప్పుడూ, గొంతు తగ్గించి.

ఎండాకాలంలో ఝాన్సీ అనే కొత్త నర్సు చేరింది. పిడుగురాళ్ల పిల్ల, తండ్రి సున్నపు బట్టీలో పని. అందరిలాగే ఆమె మెడకూ గింజ గుచ్చారు. టీ తెచ్చి గాజు తలుపు మీద గోటితో చిన్నగా కొట్టేది, కేశవులు ఉలిక్కిపడకుండా.

"బాబాయ్, నేనే. జంకబాక."

"జంకకపోతే జీతం రాదు గదమ్మా."

"నీ పుణ్యాన మేమంతా కళ్లు మూసుకుని పని చేస్తన్నాం అంటన్నారు అందరూ. నాకేమో ఏడ చూసినా తేడాగానే కనపడతంది. మా నాన్న బట్టీలో రాయి పడే చప్పుడికి లేచి పరిగెత్తటం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ బుద్ధి పోలా నాకు."

కేశవులు టీ గ్లాసు కింద పెట్టి ఆమె వంక చూశాడు. గుండెలో ఏదో లెక్క మొదలైంది. తోసేశాడు. మళ్లీ వచ్చింది.

"ఆ మాట డాక్టరుగారితో అన్నావా?"

"ఆయనతో నేనేం మాట్లాడతా బాబాయ్, కనపడితే గోడకి అతుక్కుపోతా."

ఆ వారంలోనే సౌభాగ్యం వంటింట్లో పడిపోయింది. గిన్నె చప్పుడైతే మొగుడు జంకుతాడని, పడబోతూ కూడా గిన్నెను ఒళ్లో పెట్టుకుని పడింది. కుడి పక్క డొక్కలో నెలల తరబడి పోటు. ఆ వైపు కిడ్నీ రాళ్లతో నిండి పూర్తిగా చచ్చుబడిందని స్కానింగులో తేలింది. తీసేయాలి.

"ఇన్నాళ్లూ చెప్పవేందే?" అని అరిచాడు కేశవులు.

"చెబితే జంకుతావని."

ఎవరి జంకూ దాగకుండా చేయడానికి పుట్టిన గింజ తన ఇంట్లో పెళ్లాం నొప్పిని దాయించింది. ఈ మాట కూడా మార్తాండరావుతో చెప్పలేదు. చెబితే అయ్యో అంటాడు, నిజంగానే అంటాడు. అదే భరించలేడు కేశవులు.

ఆపరేషను తనే చేస్తానన్నాడు మార్తాండరావు, పైసా తీసుకోకుండా. "నువ్వు మాత్రం ఆ పూట గదిలో వద్దు. పెళ్లాం కోసం నువ్వు పడే భయం మా చేతులన్నిటినీ నొక్కి పారేస్తుంది. నీ గింజ నుంచి పంపడం ఆపేస్తున్నా. పట్టీ మాత్రం చేతికుండనీ, అది తీస్తే మళ్లీ బిగించడానికి పూటంతా పడుతుంది. మిగతా మూడు థియేటర్లకూ ఇవాళ సెలవు." ఒక మీట నొక్కాడు. "వెళ్లి వసారాలో కూర్చో."

సౌభాగ్యాన్ని ఝాన్సీ తోసుకెళ్లింది. తలుపు దాటేముందు సౌభాగ్యం కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని, "ఈ పక్క పోటు, పాడుముండాకొడుకు పోటు, ఇవాళ్టితో పోతది తల్లీ," అంటోంది. కేశవులు వంక చూసి, "జంకబాక," అంది. తలుపు మూసుకుంది. పైన ఎర్రలైటు వెలిగింది.

వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. మెడ వెనక ఏళ్ల తరబడి ఉన్న చిన్న గుటగుట ఆగిపోయింది. వాన వెలిసినట్టుంది. ఎదురుగా గోడ మీద సున్నం పెచ్చు లేచి మిరపకాయ ఆకారంలో కనపడుతుంటే దాన్నే చూస్తూ, నారు ఎప్పుడు పోయాలి, ఏ రకం పోయాలి అని ఆలోచించసాగాడు. ఇంత హాయిగా కూర్చుని ఎన్నేళ్లయింది? పెళ్లాం లోపల కోతబల్ల మీద ఉంటే హాయేమిటని తిట్టుకున్నాడు కూడా. అయినా ఒళ్లు వినలేదు. నిమ్మళంగా ఉంది.

అప్పుడు మణికట్టు బిగిసింది.

ఎవరో జంకారు. సరే, ఆగుతారు, చూసుకుంటారు. ఆగినప్పుడు పైన లైటు పసుపుపచ్చకు మారుతుంది. కేశవులు లైటు వంక చూశాడు. ఎర్రగానే ఉంది. పట్టీ మళ్లీ బిగిసింది, ఈసారి ఎముక నొక్కుకునేలా. లైటు ఎర్రగానే ఉంది.

ఎందుకు ఆగరు?

అంతలో అతనికి అర్థమైంది. రెండేళ్లుగా ఆ గదిలో ఎవరి చేతికి పట్టీ బిగిసినా అది కేశవులుదే. బిగియకపోతే అంతా సవ్యమే. వాళ్ల ఒళ్లకు అంతకుమించి తెలియదు. ఇవాళ మీట పనిచేయలేదు, పెళ్లాం కోసం వసారాలో కూర్చుని వాడే జంకుతున్నాడు అనుకుంటారు. జంకినవాళ్లు కూడా తమ జంకు తమది కాదనే అనుకుంటారు. ఇది తనది కాదని ఈ భూమ్మీద తెలిసినవాడు ఒకే ఒక్కడు, తను. మిరపనారు గురించి ఆలోచిస్తున్నవాడు.

తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

"కేశవులూ!" మార్తాండరావు తల తిప్పకుండానే కసిరాడు. "చెప్పానా వద్దని! నీ జంకుతో చేతులు నొక్కుకుపోతున్నాయి. బయటికి!"

"నాది కాదు!"

"భయపడకు, బాగానే..."

"నాది కాదయ్యా! నా గింజ ఆపింది నువ్వే గదా! నేను బయట మిరపనారు గురించి ఆలోచిస్తన్నా! ఇది నాది కాదు. ఈ గదిలో ఉన్నోళ్లదే. ఎవురో చూశారు. ఎవురో మింగుతున్నారు. నోరు తెరవండి!"

చేతులన్నీ ఆగిపోయాయి. ముసుగుల పైన కళ్లు మాత్రం కదిలాయి, ఒకళ్లు చెబుతారని ఇంకొకళ్ల వైపు. ఆ కళ్లలో ఒక జత నీళ్లతో నిండి ఉంది. కేశవులు చూశాడు. ఝాన్సీ. పట్టీ ఉన్న చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఆ జంకు తనది కాదన్నట్టు నొక్కిపెడుతోంది. కేశవులు ఆమె వైపు వేలు చూపించలేదు.

సలోమి సిస్టరు చేతిలో పనిముట్టును పళ్లెంలో ఠంగున పడేసింది.

"నా పేరు సలోమి," అంది చర్చి గొంతుతో. "పనిముట్లు అందిస్తా. బల్ల మీదున్నావిడ సౌభాగ్యం. తీయాల్సింది..." ఆమె స్కానింగు బొమ్మ ఉన్న తెర వంక చూసింది, బల్ల వంక చూసింది. "డాక్టర్ రఫీ, మీరు చెప్పండి."

"నా పేరు రఫీ. మత్తు ఇస్తా. బల్ల మీద సౌభాగ్యం. తీయాల్సింది కుడి..." అతనూ ఆగిపోయాడు.

"నా పేరు ఝాన్సీ," అంది ఆ పిల్ల, వినపడీ వినపడకుండా. "అమ్మని తోసుకొచ్చా. అమ్మ దారంతా కుడి పక్కే చెయ్యి పెట్టుకుంది."

బల్ల మీద సౌభాగ్యాన్ని ముందే కుడి పక్కకు ఒత్తిగిల్లబెట్టారు. పైకి వచ్చింది ఎడమ డొక్క. ఆ పూట మొదటి కేసు కోసం తెర మీద స్కానింగు బొమ్మను ఎవరో కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పారు. సౌభాగ్యం బొమ్మ పెట్టినప్పుడు అది మళ్లీ ఇటు తిరగలేదు. కత్తి అప్పటికే నాలుగు వేళ్ల మేర చర్మం చీల్చింది. దాని కింద ఉన్నది ఆమెకు మిగిలిన ఒకే ఒక్క మంచి కిడ్నీ.

అందరి తర్వాత, తల వంచుకుని, ఆయన కూడా చెప్పాడు. "నా పేరు మార్తాండరావు. కత్తి పట్టింది నేను."

ఎడమ పక్క కుట్టేసి, తిప్పి పడుకోబెట్టి, కుడి పక్క కోసి తీశారు. సౌభాగ్యం బతికింది. రెండో రోజు కళ్లు తెరిచి, రెండు డొక్కలూ తడుముకుని మొగుణ్ణి అడిగింది.

"ఏందయ్యా, రెండు పక్కలా కుట్లు? ఒకటి కోస్తే ఒకటి ఊరకనా?"

కేశవులు నవ్వబోయి ఏడ్చాడు. ఆమె గట్టిగా నవ్వింది, కుట్లు పట్టుకుని. మార్తాండరావు మీట మళ్లీ వేయలేదేమో, అతను ఉలిక్కిపడలేదు.

మూడో రోజు ఆయన కేశవులును జంకు గదికి పిలిచాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు, గడ్డం మాసింది. కాళ్లు పట్టుకునేవాడిలా వంగి, "క్షమించు," అన్నాడు. అంతలోనే ఆయన కళ్లలో ఆ పాత మెరుపు తిరిగొచ్చింది.

"కానీ ఒకటి చూడు కేశవులూ. నువ్వు లేకుండా కూడా పట్టీ బిగిసింది. అంటే ఆ గదిలో జంకు చావని మనిషి ఇంకొకరున్నారు. గింజ ఎవరిదో చెప్పదు, ఆ సలోమి షరతు నా కొంప ముంచింది. పరీక్ష పెడదామంటే సిస్టరు అందర్నీ కూడగట్టి, ఒక్కరం కూడా కూర్చోం అంటోంది. నువ్వు లోపలికి వచ్చావు, అందరి మొహాలూ చూశావు. నీకు తెలుసు. అవునా?"

కేశవులు గాజులోంచి చూశాడు. ఎదుటి థియేటర్లో ఝాన్సీ బల్ల తుడుస్తోంది, ఇంకో అమ్మాయితో ఏదో అని భుజాలు ఎగరేసి నవ్వుతోంది. నవ్వు వినపడదు, గాజు మందం.

"పేరు చెప్పు చాలు," అన్నాడు మార్తాండరావు. "రేపే నీ గింజ తీస్తా. షెడ్డు పీకిస్తా. ఎల్లుండి రిజిస్ట్రారు ఆఫీసులో నీ ఇరవై రెండు సెంట్లు. ఒట్టు వేశాను గదా."

పేరు నాలుక చివర ఉంది. ఎవరా పిల్ల తనకు? కూతురా, తోబుట్టువా? తను ఇచ్చిన చేను ముందు, పోగొట్టుకున్న నిద్ర ముందు ఒక పేరెంత? సౌభాగ్యం కుక్కరు పెట్టుకుంటుంది. గాజులు మణికట్టు దాకా దించుకుంటుంది. బోరు మూలన గచ్చు మీద కూర్చుని ఇద్దరూ కంచాల చప్పుడు చేసుకుంటూ తింటారు. కేశవులు నోరు తెరిచాడు.

"వయసులో ఉన్నవాళ్లయితే ఇంకా మంచిది," అన్నాడు మార్తాండరావు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. "పాతికేళ్లు, ముప్పై ఏళ్లు వస్తారు."

గాజు అవతల ఆ పిల్ల నవ్వడం ఆపి, చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. నీళ్లు ఒక్కసారిగా చిమ్మితే చిన్నగా ఉలిక్కిపడి, తనలో తనే నవ్వుకుంది. ఇంకా అది నవ్వుకునే ఉలికిపాటే.

"నాదే," అన్నాడు కేశవులు.

"ఏంటి?"

"ఆ జంకు నాదే. నీ మీట పనిచేయలా."

"నాది కాదు నాది కాదని అరుచుకుంటూ వచ్చావు గదయ్యా!"

"పెళ్లాన్ని కోస్తుంటే మనిషికి తెలివి ఉంటదా? ఏదో వాగా. మిరపనారంట! ఎవుడన్నా ఆ పూట మిరపనారు గురించి ఆలోచిస్తాడా అయ్యా?"

మార్తాండరావు అతని మొహంలోకి చూశాడు. తర్వాత ఆయన పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. మీట ఆపినా పంపిన గింజ. తను తయారు చేసిందే తనకన్నా గట్టిది. ఆ మాటను ఆయన ప్రాణం నమ్మాలనుకుంది, నమ్మింది. మీట వేసి, కేశవులు భుజం తట్టి వెళ్లిపోయాడు. మెడ వెనక గుటగుట మళ్లీ మొదలైంది.

"పాడు నాకొడుకు," అన్నాడు కేశవులు ఖాళీ గదిలో. డాక్టర్నో తననో అతనికే తెలియలేదు.

మర్నాడు పొద్దున నాలుగు తెరల్లోనూ కత్తులు ఆగి ఉన్నాయి. సలోమి సిస్టరు ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఆమెను ఆపలేదు. మొదటి తెరలోంచి, రెండో తెరలోంచి, ఒకళ్ల తర్వాత ఒకళ్లు పేర్లు చెప్పుకుంటున్నారు. గొంతులు కలిసిపోయి గాజు గదిలో గుంపుగా మోగుతున్నాయి. నా పేరు ఫలానా, నా పని ఫలానా, ఈ పక్కన. వాటి మధ్య ఝాన్సీ గొంతు కొంచెం గట్టిపడింది. మధ్యాహ్నం ఒకసారి కేశవులు పట్టీ బిగిసింది. తనది కాదు. తెరలో లైటు వెంటనే పసుపుపచ్చకు మారింది, నలుగురూ తలలు దగ్గరపెట్టి వెతుకుతున్నారు. ఎవరిదో అతను అడగలేదు.

సౌభాగ్యం కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చిన వారం, ఒక సాయంత్రం కేశవులు వెళ్లబోతుంటే జనరేటరు షెడ్డు దగ్గర కొలతలు తీస్తున్నారు. మీట ఆపినా ఆగని గింజ ఉందని తెలిశాక మార్తాండరావు అయిదో థియేటరు కట్టిస్తున్నాడు. బోరు పూడ్చి, దాని మీదే పునాది. జంకు గదికి ఇంకో తెర వస్తుందట. కేశవులు కాసేపు నిలబడి చూశాడు. బోరులో మొదటి గంప మట్టి పడిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు.

ఇంటికెళ్లి, బోరు పూడ్చేస్తున్నారని సౌభాగ్యానికి చెప్పాడు. ఆమె గ్లాసు కింద గుడ్డ సర్దుతూ, "ఎంత పోయింది మొత్తం?" అని అడిగింది.

"ముందు పోయింది ఎకరం నలభై ఒక్క సెంట్లు. ఇవాళ బోరు మూల ఇరవై రెండు. మొత్తం ఎకరం అరవై మూడు సెంట్లు."